నెలకు 11.50 పౌండ్లు: బాబాసాహెబ్ విదేశీ చదువు జమాఖర్చులు

ప్రతి ఏప్రిల్ 14న మన వేదికల మీద బాబాసాహెబ్ డిగ్రీల జాబితా చదువుతాం. ఎం.ఏ., పీహెచ్‌డీ, ఎం.ఎస్సీ., డి.ఎస్సీ., బార్ ఎట్ లా. ఒక్కో డిగ్రీ పేరు చెప్పినప్పుడల్లా చప్పట్లు మోగుతాయి. ఆ చదువులకు ఎంత ఖర్చయింది, ఆ డబ్బు ఎవరిచ్చారు, మధ్యలో డబ్బు ఆగిపోయినప్పుడు ఏం జరిగింది అని మాత్రం అడగం. ఆయన మేధస్సు గురించి మాట్లాడినంతగా ఆయన అప్పుల గురించి మాట్లాడం. కానీ విదేశీ యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ లెటర్ చేతికొచ్చి, ఫీజు ఎలా కట్టాలో తెలియక ఆ కాగితాన్ని దాచుకునే విద్యార్థికి ఆ రెండో కథే ఎక్కువ అవసరం. అందుకే ఈసారి అంబేద్కర్ జీవితాన్ని జమాఖర్చుల పుస్తకంలోంచి చూద్దాం.

ఇంటి దగ్గరి లెక్క

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంట్‌లో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. సైన్యంలో ఉండబట్టే ఆ మహర్ కుటుంబంలోకి చదువు వచ్చింది. రామ్‌జీ పదవీ విరమణ చేశాక నెలకు 50 రూపాయల పెన్షన్ వచ్చేది. తల్లి భీమాబాయి పిల్లలు చిన్నగా ఉండగానే చనిపోయింది. కుటుంబం దాపోలి, సతారా దాటి చివరికి బొంబాయి చేరి, పరేల్‌లోని కార్మికుల చాల్‌లో ఒకే ఒక్క గదిలో కాపురం పెట్టింది.

సతారాలో ఉన్న రోజుల్లోదే ఒక సంగతి. మేనత్త మీద ఆధారపడి బతకడం ఇష్టం లేక, బొంబాయి వెళ్లి మిల్లులో పనికి చేరాలని భీమ్‌రావ్ అనుకున్నాడు. రైలు ఖర్చుకు మేనత్త డబ్బు సంచి మీద కన్నేసి, మూడు రాత్రులు ప్రయత్నించి నాలుగో రాత్రికి దాన్ని దొరకబుచ్చుకున్నాడు. అందులో ఉన్నది అర్ధణా. ఆ సిగ్గుతోనే, బాగా చదివి తన కాళ్ల మీద తాను నిలబడాలని నిశ్చయించుకున్నానని ఆయన తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. ఆ సంచిలో రైలు టికెట్‌కు సరిపడా డబ్బు ఉండి ఉంటే మిల్లుకు ఒక కార్మికుడు దొరికేవాడు.

బొంబాయిలో ఇద్దరు కొడుకులను చదివించే స్తోమత రామ్‌జీకి లేదు. అన్న ఆనందరావు చదువు ఆపి ఉద్యోగంలో చేరాడు. భీమ్‌రావ్ ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో కొనసాగాడు. ఆయన చదువుకు మొదటి మూల్యం చెల్లించింది సొంత అన్న. కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి చేతిలో డబ్బు లేకపోతే రామ్‌జీ పెళ్లయిన కూతుళ్ల ఇళ్లకు వెళ్లేవాడు. ముందు ఒక కూతురి దగ్గర అడిగేవాడు. లేదంటే ఇంకో కూతురి నగ తీసుకుని తాకట్టు పెట్టేవాడు. పెన్షన్ రాగానే విడిపించి తిరిగి ఇచ్చేవాడు. ఒకే గదిలో అందరూ పడుకోవాలి కాబట్టి రాత్రి రెండు గంటలకు కొడుకును నిద్రలేపి, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చదివించేవాడు.

1907లో భీమ్‌రావ్ మెట్రిక్ పాసయ్యాడు. ఆ సందర్భంగా జరిగిన సభలోనే సంస్కర్త, ఉపాధ్యాయుడు కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవితచరిత్రను ఆయనకు కానుకగా ఇచ్చారు. ఆ పుస్తకం గురించి అందరికీ తెలుసు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరాక రామ్‌జీ దగ్గర డబ్బు అయిపోయినప్పుడు భీమ్‌రావ్‌ను బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ దగ్గరికి తీసుకెళ్లింది కూడా కేలుస్కరే. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ మంజూరైంది. కాలేజీలో ప్రొఫెసర్ ముల్లర్ పుస్తకాలతో పాటు తన బట్టలు కూడా ఇచ్చారు. బీఏ చదువు అలా గట్టెక్కింది.

ఒప్పందం మీద సంతకం

1913 జనవరిలో ఆయన బరోడా సంస్థానం కొలువులో చేరారు. కొద్ది రోజులకే తండ్రికి జబ్బు చేసిందని తంతి వచ్చింది. బొంబాయి వెళ్తూ తండ్రి కోసం మిఠాయి కొందామని సూరత్‌లో దిగితే రైలు వెళ్లిపోయింది. మర్నాడు ఇల్లు చేరేసరికి రామ్‌జీ ఆఖరి క్షణాల్లో ఉన్నాడు. 1913 ఫిబ్రవరి 2న కన్నుమూశాడు. నగలు తాకట్టు పెట్టి చదివించిన మనిషి కొడుకు అమెరికా ప్రయాణాన్ని చూడలేదు.

ఆ తర్వాత కొద్ది నెలలకే బరోడా సంస్థానం కొందరు విద్యార్థులను కొలంబియా యూనివర్సిటీకి పంపాలని నిర్ణయించింది. భీమ్‌రావ్ దరఖాస్తు పెట్టుకున్నారు, ఎంపికయ్యారు. 1913 జూన్ 4న ఒప్పందం మీద సంతకం చేశారు. షరతులు స్పష్టంగా ఉన్నాయి. స్కాలర్‌షిప్ 1913 జూన్ 15 నుంచి 1916 జూన్ 14 వరకు, మూడేళ్లు. నెలకు 11.50 పౌండ్లు. నిర్ణయించిన సబ్జెక్టులే చదవాలి. చదువు పూర్తయ్యాక పదేళ్లు బరోడా సంస్థానానికి ఉద్యోగం చేయాలి.

ఈ పదేళ్ల షరతును కాస్త ఆగి చూడాలి. ఇది దానం కాదు. ఆయన భవిష్యత్తులోని పదేళ్ల శ్రమను తాకట్టు పెట్టి తెచ్చుకున్న డబ్బు. బరోడాలో కుల వ్యవస్థ ఎలా ఉందో ఒప్పంద పత్రంలో ఎక్కడా లేదు. అంటరాని కులంలో పుట్టిన అధికారికి ఆ ఊళ్లో అద్దెకు ఇల్లు దొరుకుతుందా లేదా అనే షరతు అందులో లేదు. ఆ లోటుకు నాలుగేళ్ల తర్వాత ఆయనే మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

న్యూయార్క్ ఖర్చు

1913 జూలైలో ఆయన న్యూయార్క్ చేరారు. మొదట హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్లో, తర్వాత కాస్మోపాలిటన్ క్లబ్‌లో, ఆపైన లివింగ్‌స్టన్ హాల్‌లో ఉన్నారు. అక్కడ పరిచయమైన పార్సీ విద్యార్థి నవల్ భథేనా జీవితాంతం స్నేహితుడిగా నిలిచారు. ఈ పేరు గుర్తుంచుకోవాలి, కథలో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆనాటి మారకం ప్రకారం పౌండుకు దాదాపు 4.86 డాలర్లు. అంటే 11.50 పౌండ్లు నెలకు సుమారు 56 డాలర్లు. మన లెక్కలో పౌండుకు 15 రూపాయల చొప్పున 172 రూపాయల యాభై పైసలకు సమానం. బొంబాయిలో 25 రూపాయలతో బతికిన విద్యార్థికి పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ ఖర్చు న్యూయార్క్‌లో. ఒక కప్పు కాఫీ, రెండు మఫిన్లు, ఒక ప్లేటు మాంసమో చేపో తింటే డాలరు పది సెంట్లు అయ్యేదని జీవితచరిత్రకారుడు ధనంజయ్ కీర్ రాశారు. రోజుకు అలాంటి భోజనం ఒక్కటి చేసినా నెలకు 33 డాలర్లు. మిగిలేది 23 డాలర్లు. గది, బట్టలు, కాగితాలు, పుస్తకాలు అన్నీ అందులోనే. పైగా బొంబాయిలో భార్య రమాబాయి, పసిబిడ్డ యశ్వంత్, తండ్రి పోయిన ఉమ్మడి కుటుంబం ఉన్నాయి. స్కాలర్‌షిప్‌లోంచే వాళ్లకూ కొంత పంపాలి.

అందుకే ఆయన నాటకాలకూ హోటళ్లకూ దూరంగా ఉన్నారు. కడుపు కట్టుకుని మిగిల్చిన డబ్బుతో న్యూయార్క్ పాత పుస్తకాల దుకాణాల్లో దాదాపు 2000 పుస్తకాలు కొన్నారు. యూనివర్సిటీలో అర్థశాస్త్రంలో 29 కోర్సులు, చరిత్రలో 11, సోషియాలజీలో 6, తత్వశాస్త్రంలో 5, ఆంత్రొపాలజీలో 4, రాజనీతిలో 3 తీసుకున్నారు. ఒక్కో కోర్సు ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో కూడా చేశారు. ఈ సంఖ్యలను మనం ఆయన జ్ఞానదాహానికి గుర్తుగా చెప్పుకుంటాం. నిజమే. కానీ ఇంకో కోణం కూడా ఉంది. మూడేళ్ల గడువు దగ్గరపడుతున్నకొద్దీ, మళ్లీ రాలేనేమో అన్న భయం ఉన్నవాడు దొరికిందంతా మూట కట్టుకుంటాడు.

1915లో ఎం.ఏ. పూర్తయింది. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల మీద పత్రం సమర్పించారు. అదే ఏడాది పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చారు. కానీ డిగ్రీ మాత్రం 1927లో వచ్చింది. కొలంబియా నిబంధన ప్రకారం థీసిస్‌ను అచ్చు వేయించి ప్రతులు సమర్పించాలి. అచ్చు వేయించాలంటే డబ్బు కావాలి. బ్రిటిష్ ఇండియాలో ప్రొవిన్షియల్ ఫైనాన్స్ పరిణామం మీద ఆ పుస్తకం లండన్‌లోని పి.ఎస్. కింగ్ సంస్థ ద్వారా 1925లో వెలువడ్డాకే ఆ తతంగం ముగిసింది. చదువు పూర్తయ్యాక డాక్టర్ అనిపించుకోవడానికి పదకొండేళ్లు పట్టింది.

సగంలో ఆగిన లండన్

1916లో ఆయన లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, న్యాయవిద్య కోసం గ్రేస్ ఇన్‌లో చేరారు. రెండు చదువులూ ఒకేసారి. కానీ స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. బరోడా నుంచి వెనక్కి రమ్మని పిలుపు వచ్చింది. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించుకునే అనుమతిని లండన్ యూనివర్సిటీ నుంచి తీసుకుని 1917లో బయల్దేరారు. ఆ అనుమతి కాగితం లేకపోతే డి.ఎస్సీ. అనే అధ్యాయమే ఉండేది కాదు.

అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. పుస్తకాలున్న సామాను వేరే ఓడలో పంపారు. ఆ ఓడ టార్పెడో దెబ్బకు మునిగిపోయింది. పస్తులుండి కొన్న పుస్తకాల్లో చాలా భాగం సముద్రం పాలైంది. థామస్ కుక్ సంస్థ దగ్గర సామానుకు చేసిన బీమా కింద 600 రూపాయలు వచ్చాయి. ఆ డబ్బులోంచే కొంత ఇంటి ఖర్చుకు రమాబాయి చేతిలో పెట్టి, మిగతాదానితో బరోడా ప్రయాణమయ్యారు. ఒప్పందం ప్రకారం ఉద్యోగానికి వెళ్లడానికి కూడా మునిగిన పుస్తకాల పరిహారమే దారి ఖర్చయింది.

బరోడాలో జరిగింది మన పాఠకులకు తెలిసిందే. హిందూ హోటళ్లలో చోటు లేదు. రోజుకు రూపాయిన్నర కట్టి, పార్సీ పేరుతో ఒక పార్సీ సత్రంలో దిగారు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో పని. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన అధికారికి నౌకర్లు ఫైళ్లు దూరం నుంచే విసిరేవారు. పదకొండో రోజు కర్రలతో వచ్చిన పార్సీలు ఆయన్ని సత్రం ఖాళీ చేయించారు. హిందువు, క్రైస్తవుడు అయిన ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగారు. ఇద్దరి దగ్గరా చోటు దొరకలేదు. ఆ సాయంత్రం కామాటీ బాగ్ అనే తోటలో కూర్చుని, రాత్రి తొమ్మిది గంటల రైలుకు బొంబాయి వచ్చేశారు. పదేళ్ల ఒప్పందం పదకొండు రోజుల్లో తెగింది. తెంచింది ఆయన కాదు, ఆ ఊరు. అయినా బాకీ మాత్రం ఆయన పేరు మీదే మిగిలింది. చదువుకు పెట్టిన సొమ్ము తిరిగి కట్టాలన్న ఒత్తిడి తర్వాత కూడా చాలాకాలం ఆయన్ని వెంటాడింది.

సీటు ఇస్తే సరిపోతుంది, స్కాలర్‌షిప్ ఇస్తే సరిపోతుంది అనుకునేవాళ్లు ఈ పదకొండు రోజులను చదవాలి. డబ్బు చదువు చెప్పించగలిగింది. అద్దె ఇల్లు ఇప్పించలేకపోయింది.

రెండోసారి డబ్బు కూడబెట్టడం

బొంబాయిలో బతుకుతెరువు వెతుక్కున్నారు. ట్యూషన్లు చెప్పారు. షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెడితే, నడిపేవాడి కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. 1918 నవంబర్‌లో సిడెన్‌హామ్ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. జీతం 450 రూపాయలు. అది తాత్కాలిక ఉద్యోగం. అక్కడా ప్రొఫెసర్ల కుండలోంచి ఆయన నీళ్లు తాగడానికి కొందరు అడ్డు చెప్పారు.

450 రూపాయలు ఆనాటికి మంచి జీతం. అయినా కుటుంబం పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ చాల్‌లో రెండు గదుల్లోనే ఉంది. ఇంటికి ఒక మొత్తం కేటాయించి రమాబాయి చేతికిచ్చేవారు. మిగిలింది లండన్ కోసం దాచేవారు. 1920 మార్చిలో ఉద్యోగం ముగిసింది. తన పొదుపుకు కొల్హాపూర్ ఛత్రపతి షాహూ మహారాజ్ చేసిన సాయం తోడైంది. నవల్ భథేనా 5000 రూపాయలు అప్పిచ్చారు. ఆ మూడూ కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు.

ఈసారి నెలనెలా వచ్చే స్కాలర్‌షిప్ లేదు. తెచ్చుకున్న డబ్బు కరిగేలోపు చదువు ముగించాలి. అద్దె ఇంట్లో పొద్దున ఒక బ్రెడ్డు ముక్క, టీ. మధ్యాహ్న భోజనం మానేసేవారు. బస్సు చార్జీ మిగిల్చడానికి నడిచేవారు. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ తెరిచే వేళకు చేరి, మూసే వేళకు బయటపడేవారు. రాత్రి ఆకలేస్తే ఒక మిత్రుడిచ్చిన అప్పడాలు కాల్చుకుని తిని తెల్లవారుజాము దాకా చదివేవారు.

పడిపోతున్న రూపాయి, రూపాయి మీద థీసిస్

ఇక్కడ ఒక సంగతి మీద మన దృష్టి సాధారణంగా పడదు. ఆయన డి.ఎస్సీ. కోసం ఎంచుకున్న విషయం రూపాయి సమస్య. అదే సమయంలో ఆ సమస్య ఆయన జేబులోనే ఉంది.

1920లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం రూపాయి విలువను 2 షిల్లింగులుగా, అంటే బంగారు పౌండుకు 10 రూపాయలుగా నిర్ణయించింది. ఆ రేటును నిలబెట్టలేకపోయింది. 1921 నాటికి రూపాయి మార్కెట్లో 1 షిల్లింగు 4 పెన్నీల స్థాయికి, ఇంకా కిందికి కూడా జారింది. ఒక చిన్న లెక్క వేద్దాం. 5000 రూపాయలు 2 షిల్లింగుల రేటున 500 పౌండ్లు. 1 షిల్లింగు 4 పెన్నీల రేటున 333 పౌండ్లు. రూపాయల్లో దాచుకుని పౌండ్లలో ఖర్చు పెట్టే విద్యార్థికి, ఎక్కడో ఆఫీసులో తీసుకున్న నిర్ణయం వల్ల మూడింట ఒక వంతు చదువు మాయమవుతుంది. డాలరు పెరిగిన ప్రతిసారీ ఇవాళ మన పిల్లల గుండె ఎందుకు జారుతుందో ఇదే లెక్క చెబుతుంది.

1921లో ఆయన లండన్ నుంచి షాహూ మహారాజ్‌కు ఉత్తరం రాసి 200 పౌండ్ల అప్పు అడిగారు. భథేనాకూ డబ్బు కోసం ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. తనను తాను ఎంత కుదించుకుని ఆ ఉత్తరాలు రాసి ఉంటారో అప్పు అడిగి చదివిన ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. 1922 మేలో షాహూ మహారాజ్ చనిపోయారు. పెద్ద ఆసరా ఒకటి పోయింది.

అయినా చదువు ఆగలేదు. 1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. 1922లో బార్‌కు అర్హత పొందారు. అదే ఏడాది అక్టోబర్‌లో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. థీసిస్ సమర్పించి, జర్మనీలోని బాన్ యూనివర్సిటీలో చదవాలని వెళ్లారు. 1923 మార్చిలో ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్ నుంచి పిలుపు వచ్చింది. సామ్రాజ్య పాలకుల ద్రవ్య విధానాన్ని అంత సూటిగా తప్పుపట్టిన థీసిస్‌కు పరీక్షకుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. నిర్ధారణలు మార్చకుండా, చెప్పే తీరు మార్చి మళ్లీ రాయాలి. అక్కడే ఉండి రాయడానికి చేతిలో డబ్బు లేదు. బాన్ చదువు వదిలేసి, 1923 ఏప్రిల్‌లో బొంబాయి వచ్చేశారు. ఇంటి నుంచే థీసిస్ తిరగరాసి పంపారు. ఆ ఏడాది చివర్లో డి.ఎస్సీ. వచ్చింది, పుస్తకం కూడా అచ్చయింది. జర్మనీ డిగ్రీ ఎప్పటికీ రాలేదు. ఆయనకు లేనిది తెలివి కాదు, ఇంకొన్ని నెలల ఖర్చు.

బారిస్టరై వచ్చిన మనిషి దగ్గర బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు సనద్‌కు కట్టాల్సిన రుసుము కూడా లేదు. మళ్లీ భథేనాయే ఆదుకున్నారు. 1923 జూలైలో ప్రాక్టీసు మొదలైంది.

ఖాతాలో రాయని ఖర్చు

ఇప్పటిదాకా రాసిన లెక్కలో ఒక పేరు పక్కన అంకె లేదు. రమాబాయి.

భర్త అమెరికా వెళ్లినప్పుడు ఆమె చంకలో పసిబిడ్డ. ఆయన రెండుసార్లు విదేశాలకు వెళ్లారు, కలిపితే దాదాపు ఏడేళ్లు. ఆ ఏడేళ్లు పొయ్యి ఎలా వెలిగిందన్నది ఏ స్కాలర్‌షిప్ ఒప్పందంలోనూ లేదు. పిడకలు చేసి రోజులు గడుపుకుందని మహారాష్ట్ర వాడల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దంపతులకు పుట్టిన ఐదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే చనిపోయారు. మిగిలింది యశ్వంత్ ఒక్కడే. మందుకు డబ్బు, తిండికి డబ్బు, లండన్‌కు డబ్బు అన్నీ ఒకే పెట్టెలోంచి రావాలి. రమాబాయి 1935 మే 27న కన్నుమూసింది.

మనం ఆమెను త్యాగమూర్తి అని పిలిచి దండ వేసి ముందుకు వెళ్లిపోతాం. నాకు మాత్రం ఆమె బాబాసాహెబ్ విదేశీ చదువుకు అతిపెద్ద దాతల్లో ఒకరు అనిపిస్తుంది. మహారాజుల సాయానికి ఒప్పంద పత్రాలున్నాయి. ఆమె ఇచ్చిందానికి రసీదు లేదు.

అయితే అంబేద్కర్ ఆ రసీదు రాశారు. ఆయన పుస్తకాల అంకితాలను వరుసగా చూడండి. రూపాయి సమస్య మీద పుస్తకం తల్లిదండ్రులకు అంకితం. ప్రొవిన్షియల్ ఫైనాన్స్ మీద పుస్తకం తన చదువుకు చేసిన సాయానికి కృతజ్ఞతగా శాయాజీరావ్ గైక్వాడ్‌కు అంకితం. 1940లో పాకిస్తాన్ సమస్య మీద వెలువడిన పుస్తకం రమాబాయి స్మృతికి అంకితం. స్నేహితులెవరూ లేని లేమి రోజుల్లో తనతో పాటు కష్టపడటానికి సిద్ధపడిన ఆమె నిబ్బరాన్ని అందులో తలచుకున్నారు. ఎవరికెంత బాకీ ఉన్నారో ఆయన మరచిపోలేదు.

దయ నుంచి హక్కు దాకా

ఇంత అనుభవం ఉన్న మనిషి దాన్నుంచి ఏం నేర్చుకున్నారు? నేను పడ్డాను కాబట్టి మీరూ పడండి అనలేదు. పస్తుల్ని ఆదర్శంగా నిలబెట్టలేదు. తర్వాతి తరం మహారాజుల దయ మీద, స్నేహితుల అప్పుల మీద ఆధారపడకూడదని అనుకున్నారు.

1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన కొద్ది నెలలకే, అక్టోబర్ 29న, షెడ్యూల్డ్ కులాల సమస్యల మీద ఒక మెమొరాండం సమర్పించారు. అందులో చదువుకు సంబంధించి అంకెలతో సహా డిమాండ్ పెట్టారు. దేశంలో సైన్సు, సాంకేతిక విద్య చదివే షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ఏటా 2 లక్షల రూపాయలు. విదేశాల్లో ఉన్నత విద్యకు ఏటా లక్ష రూపాయలు. బెనారస్ హిందూ యూనివర్సిటీకి, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి ప్రభుత్వం చెరి 3 లక్షలు ఇస్తున్నప్పుడు మా వాళ్లకు ఆ మాత్రం ఎందుకు ఇవ్వరన్నది ఆయన వాదన. ప్రభుత్వం 3 లక్షల రూపాయలు మంజూరు చేసింది. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మూలం ఇదే. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో ఏ సంక్షేమ హాస్టల్‌కు వెళ్లినా ఆ స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లలు కనిపిస్తారు.

నెలకు 11.50 పౌండ్లు అందుకున్న విద్యార్థి ముప్పై ఏళ్ల తర్వాత ప్రభుత్వ బడ్జెట్‌లో ఒక పద్దు రాయించాడు. ఆయన డిగ్రీలన్నిటికంటే ఇది పెద్ద విజయం అనుకోవచ్చు. 1952లో కొలంబియా, 1953లో మన హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. ఆ రెండూ అడగకుండా వచ్చాయి. స్కాలర్‌షిప్ పద్దు మాత్రం కొట్లాడితే వచ్చింది.

ఇవాళ్టి లెక్క

ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద విదేశాలకు వెళ్లే దారి ఇప్పుడు ఉంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 125 మందికి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు మించకూడదు. ఇంత పెద్ద దేశానికి 125 సీట్లు. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలిచ్చి, మిగతావాళ్లకు నిధులుంటే ఇస్తామన్నారు. 2022లో మార్చిన నిబంధనల ప్రకారం భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద భారత కేంద్రిత పరిశోధనకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. కొలంబియాలో అంబేద్కర్ ఎం.ఏ. థీసిస్ ప్రాచీన భారత వాణిజ్యం మీద. సెమినార్ పత్రం భారతదేశంలో కులాల మీద. ఈ నిబంధన 1913లో ఉండి ఉంటే ఆయన దరఖాస్తు ఏమయ్యేదో ఆలోచించండి.

తెలంగాణలో ఆయన పేరు మీదే ఉన్న ఓవర్సీస్ విద్యా నిధి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. మంచిదే. కానీ దరఖాస్తు ఫీజులు, ఇంగ్లిష్ పరీక్ష ఫీజు, వీసా ఫీజు, డిపాజిట్టు అన్నీ ఆ డబ్బు చేతికి రాకముందే కట్టాలి. బ్రిటన్ వీసాకు స్పాన్సర్ లేని విద్యార్థి కావాల్సిన మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో చూపించాలి. ఆ 28 రోజుల కోసం ఎన్ని ఇళ్లలో అక్కల నగలు తాకట్టుకు వెళ్తున్నాయో మనకు తెలుసు. రామ్‌జీ సుబేదార్ నడిచిన దారి అది. నూరేళ్లు దాటినా ఆ దారి ఇంకా ఖాళీ కాలేదు.

అందుకే ఈ కథను స్ఫూర్తి కోసం మాత్రమే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. అంబేద్కర్ మేధావి కాబట్టి గట్టెక్కారని అంటే, గట్టెక్కలేనివాళ్లు మేధావులు కారని ఒప్పుకున్నట్టే. ఆయనకు ఒక అన్న, ఇద్దరు అక్కలు, ఒక కేలుస్కర్, ఇద్దరు రాజులు, ఒక భథేనా, ఒక రమాబాయి ఉన్నారు. వీళ్లలో ఏ ఒక్కరు తప్పుకున్నా చదువు అక్కడే ఆగేది. ఎన్ని వాడల్లో ఎంతమంది భీమ్‌రావ్‌లు అలా ఆగిపోయారో లెక్క లేదు.

వచ్చే ఏప్రిల్ 14న డిగ్రీల జాబితా చదివాక ఈ జమాఖర్చుల జాబితా కూడా చదువుదాం. ఆ పక్కనే మన డిమాండ్లు పెడదాం. 125 సీట్లు పెంచాలి. సబ్జెక్టుల మీద నిషేధం ఎత్తేయాలి. ఎంపికైన ప్రతి విద్యార్థికీ విమానం ఎక్కకముందే డబ్బు అందాలి. ఈలోపు మన సంఘాలు, ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలు, అక్కలు కలిసి దరఖాస్తు ఫీజులకైనా ఒక ఉమ్మడి నిధి పెట్టుకోవచ్చు. నవల్ భథేనా చేసింది అదే. స్నేహితుడి చదువు డబ్బు కోసం ఆగకూడదనుకున్నాడు, అడిగినప్పుడల్లా ఇచ్చాడు.